ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా నా మొదటి వారం రౌండ్లు

పదకొండేళ్లు మెడికల్ వార్డులో పనిచేసి, ఒక్కసారి కూడా సూది గుచ్చించుకోని నాకు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ శిక్షణ ఏమంత కష్టమనిపించలేదు. ఏ వ్యర్థం పసుపు సంచిలో వెయ్యాలో, ఏది ఎరుపులో వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మొదటి రెండు రోజుల రౌండ్లు కూడా సాఫీగానే గడిచాయి.

మూడో రోజు మగవారి వార్డులో పద్నాలుగో మంచం దగ్గర ఒక పెద్దాయన యూరిన్ బ్యాగు నేల మీద పడి ఉంది. బ్యాగు మూత్రాశయం కంటే కిందనే ఉండాలి గాని నేలను తాకకూడదు. తాకితే మూత్రం వదిలే మూతి ద్వారా క్రిములు లోపలికి పాకుతాయి. ఈ సంగతంతా బ్యాగు చేత్తో ఎత్తి పట్టుకొని, రోగుల బంధువులందరి ఎదుట, ఆ చిన్న సిస్టరుకు గట్టిగా చెప్పాను. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఇన్‌చార్జి సిస్టర్, పోయిన నెల దాకా నన్ను అక్కా అని పిలిచిన మనిషి, "హుక్కు ఎక్కడుందో చూపించండి మేడం" అంది. వంగి చూస్తే బ్యాగు తగిలించే హుక్కు విరిగిపోగా మిగిలిన ముక్క, దానికి కట్టి జారిపోయిన కట్టుగుడ్డ కనిపించాయి. ఆమె తెరిచి చూపిన ఇండెంటు పుస్తకంలో, అంటే వార్డుకు కావలసిన వస్తువులు రాసి పంపే పుస్తకంలో, రెండు నెలల్లో మూడుసార్లు ఆరు హుక్కులు అడిగిన రాత ఉంది, మూడుసార్లూ స్టోర్స్ వారు రాసిన "నిల్వ లేదు" ఉంది.

ఏమనాలో తోచక పదిహేనో మంచం వైపు తిరిగి డ్రిప్ గొట్టం మీద చెయ్యి వేయబోతుంటే, నేల తుడుస్తున్న ఆయమ్మ "మేడంగారూ, చేతులు?" అంది. అందరూ నవ్వారు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు చేతులు కడుక్కోమన్నందుకు చాలామంది వైద్యులు మండిపడ్డారని శిక్షణలో విన్నప్పుడు వారిని చూస్తే నాకు కోపం వచ్చింది. ఆ పూట వారి బాధ నాకు తెలిసివచ్చింది. చేతుల క్రిములను చంపే ద్రవం, హ్యాండ్ రబ్, రుద్దుకోవడానికి పట్టేది ఇరవై, ముప్పై సెకన్లే గాని అంతమంది చూస్తుండగా అవి ఎంతకీ గడవలేదు.

అసలు తప్పు ఇంకొకటి ఉంది. ఆ పెద్దాయనకు క్యాథెటర్, అంటే మూత్రాశయం నుంచి మూత్రాన్ని బ్యాగులోకి తెచ్చే గొట్టం, పెట్టి ఆరు రోజులైంది, అది ఇంకా అవసరమా అని ఎవరూ అడగలేదు. గొట్టం లోపల ఉన్న ప్రతి రోజూ మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతూనే ఉంటుంది కనుక ఆ ప్రశ్న మా చెక్‌లిస్టులో ఉంది. నేను బ్యాగు దగ్గరే ఆగిపోయి అక్కడి దాకా వెళ్లలేదు. ఆ సాయంత్రం అడిగితే డాక్టరుగారు చూసి వెంటనే తీయించేశారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు రోగుల బంధువుల ఎదుట సిస్టర్లను మందలించకండి, డ్యూటీ మారే వేళ వార్డుకు వెళ్లకండి. స్టోర్స్‌కు మాత్రం ఖాళీ చేతులతో వెళ్లవద్దు. విరిగిన వస్తువు ఫొటో, మంచం నంబరు, పాత ఇండెంట్ల నకళ్లు బల్ల మీద పెడితే తప్ప అక్కడివారు తల ఎత్తి చూడరు. నేను అలా వెళ్లాకే నిన్న నాలుగు హుక్కులు వచ్చాయి. మిగిలిన రెండింటి కోసం సోమవారం మళ్లీ వెళ్లాలి.