ఇనప గిన్నె

ఆరు నెలలుగా ఫోన్‌లో చైనీస్ నేర్చుకుంటున్నాను. మొన్న 'ఫాన్‌వాన్' అనే మాట దగ్గర ఆగిపోయాను. ఫాన్ అంటే అన్నం, వాన్ అంటే గిన్నె. కానీ వాళ్ళు బతుకుతెరువుని కూడా ఆ మాటతోనే చెప్తారు, ఉద్యోగం పోతే గిన్నె పగిలిందంటారు, ఒకరి పని ఇంకొకరు తన్నుకుపోతే గిన్నె లాక్కున్నాడంటారు. ఎప్పటికీ ఊడని సర్కారు కొలువుకైతే 'థ్యె ఫాన్‌వాన్', ఇనప గిన్నె.

నాకు మా నాన్న క్యారేజీ గుర్తొచ్చింది. విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో పని ఆయనకి. ఒకరోజు ఫస్ట్ షిఫ్ట్‌కి వెళ్ళి గంటలోనే తిరిగొచ్చేశారు, గేటుకి లాకౌట్ నోటీసు అంటించారట, అమ్మ కట్టిన అన్నం కట్టినట్టే ఉంది. "పొట్ట కొట్టారే" అన్నారు అమ్మతో, అంతే, సాయంత్రం దాకా ఇంకో మాట లేదు. మనం పొట్ట అంటాం, వాళ్ళు గిన్నె అంటారు. ఆ రోజు మా ఇంటికి గిన్నె అన్న మాటే సరిపోతుంది, ఎందుకంటే ఆ క్యారేజీ మళ్ళీ మిల్లుకి వెళ్ళలేదు.

చైనాలోనూ ఇనప గిన్నెలు పగిలాయి. 1990ల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీల నుంచి కోట్ల మందిని పంపేశారు. వాళ్ళని నిరుద్యోగులు అనకుండా 'ష్యాగాంగ్' అన్నారు, అంటే డ్యూటీ దిగినవాళ్ళు. మా మిల్లు నోటీసులో కూడా 'తాత్కాలికంగా' అనే రాశారు.

గిన్నె మీదే కాదు, మూకుడు మీద కూడా చైనీస్‌లో ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి. చేయని తప్పు నెత్తిన పడితే నల్ల మూకుడు మోయడం. ఇంట్లో గింజలు లేకపోతే మూకుడు మూత తెరుచుకోవడం లేదంటారు, మనం పొయ్యిలో పిల్లి లేవలేదన్నట్టు. నన్ను కదిలించింది మాత్రం 'జా గ్వొ మై థ్యె': మూకుడు పగలగొట్టి ఆ ఇనుము అమ్మడం. పాత మూకుళ్ళు పోత ఇనుమువి కదా, కొడితే పగులుతాయి. అలా అమ్మైనా సరే పిల్లల్ని చదివిస్తాం అంటారు అక్కడి అమ్మానాన్నలు.

నా డిగ్రీ ఫీజుకి మా అమ్మ బుడితి ఊళ్ళో చేసిన ఇత్తడి బిందె అమ్మేసింది, తన పెళ్ళికి అమ్మమ్మ పెట్టింది. నిన్న ఫోన్ చేసి ఈ చైనా మాట అర్థం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"ఓలమ్మా, మరి మళ్ళీ కొనుక్కున్నారేటి ఆ మూకుడు?" అంది.