పదిహేనేళ్ల వయసులో నా ఎడమ చేతి ఎక్స్‌రే

ఇంటర్మీడియట్‌లో చేరేనాటికి నాకు 15 ఏళ్లు నిండాయి. తోటివాళ్లకు నూనూగు మీసాలు వచ్చి గొంతులు బొంగురుపోతుండగా, నా గొంతు మాత్రం సన్నగానే ఉండేది, ఫోనెత్తితే అవతలివారు "అమ్మా, నాన్నగారున్నారా?" అని అడిగేవారు. ఎత్తు పెంచుతుందని ఎవరో చెప్పిన పొడిని ఏడాదిపాటు పాలలో కలుపుకుని తాగాను. ఏమీ మారలేదు. ఆ ఏడాది వృథా అయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చివరికి నాన్న నన్ను హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లారు. డాక్టరుగారు ముందు నాన్ననే అడిగారు: "మీకు మీసాలు ఎప్పుడు వచ్చాయండీ?" డిగ్రీలో చేరాకే గడ్డం గీసుకోవలసి వచ్చిందని నాన్న చెప్పారు. తరువాత నావైపు తిరిగి, "వంటింట్లో పోపు వేస్తే వాసన తెలుస్తుందా బాబూ?" అన్నారు. కొందరిలో యుక్తవయస్సు రాకపోవడం, వాసన తెలియకపోవడం కలిసే ఉంటాయట. నాకు తెలుస్తుందన్నాక ఆయన ముఖం తేలికపడింది.

ఉదయాన్నే రక్తం తీసి, ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. ఫిల్మును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, వేళ్ల ఎముకల చివర నల్లగా కనిపిస్తున్న సన్నని సందులను చూపించారు. అది మృదులాస్థి, అంటే ఇంకా గట్టి ఎముకగా మారని మెత్తని భాగం, అది ఉన్నంతవరకు ఎముక పొడవు పెరుగుతుంది. ఎముకలు ఎదిగిన తీరును బట్టి చూస్తే నా ఎముకల వయసు 12న్నర ఏళ్లేనని తేలింది.

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును విడతలుగా, మొదట్లో ఎక్కువగా రాత్రి నిద్రలో, విడుదల చేస్తుందని, దానితో పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే మరో రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుందని, వాటి ప్రేరణతో వృషణాలు టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోనును తయారుచేస్తేనే గొంతు, కండరాలు, మీసాలు మారతాయని ఆయన ఓపికగా వివరించారు. ఆ టెస్టోస్టెరాన్‌లో కొంత, ఆడవారి హార్మోనుగా చెప్పుకునే ఈస్ట్రోజెన్‌గా మారి, మగపిల్లల్లో కూడా అదే చివరికి ఆ సందులను మూసేస్తుందన్న మాట నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరిచింది.

థైరాయిడ్ బాగానే ఉంది. ఎల్‌హెచ్ అప్పుడప్పుడే పెరగడం మొదలైంది. కావాలంటే కొన్ని నెలలు తక్కువ మోతాదులో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఇవ్వవచ్చని, అయితే ఇది తండ్రి పోలికతో వచ్చిన ఆలస్యమే కనుక ఆరు నెలలు ఆగి చూడవచ్చని చెప్పారు. ఆగుదామని నేనే అన్నాను. 14 ఏళ్లు దాటినా ఏ మార్పూ మొదలుకాని అబ్బాయిని పొడులకూ టానిక్కులకూ వదిలేయకుండా ఒక్కసారి ఇలా చూపించాలని నేను గట్టిగా నమ్ముతాను.

నాలుగో నెలలో, తెలుగు క్లాసులో పద్యం చదువుతుండగా రెండో పాదంలో నా గొంతు జీరబోయింది. తరువాతి ఏడాదిలో 9 సెంటీమీటర్లు పెరిగాను. అమ్మ నా ప్యాంట్ల అంచులు రెండుసార్లు విప్పి కుట్టింది.