నలభై చెట్లకు రెండు రోజుల అనుమతి

2019 అక్టోబరులో ఆలివ్ కోతకు సాయం చేసే వాలంటీర్లతో కలిసి నేను ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని ఒక పాలస్తీనా గ్రామానికి వెళ్లాను. యాభై దాటిన వయసులో రోజంతా కొండవాలులో నిలబడగలనా అన్నదే బయలుదేరేముందు నా బెంగ. కాయ కోయడం కన్నా కోయడానికి అనుమతి తెచ్చుకోవడమే అసలు పని అని అక్కడికి చేరాక గాని తెలియలేదు.

జోర్డాన్ నది మీది వంతెన దాటి ప్రవేశించాను. అక్కడ పాస్‌పోర్టులో ముద్ర వేయరు, విడిగా ఒక చిన్న కాగితం ఇస్తారు. తిరిగి వచ్చేదాకా పాస్‌పోర్టు కన్నా ఆ కాగితాన్నే ఎక్కువసార్లు తడిమి చూసుకున్నాను. తర్వాత జెరూసలేంలో ఒక రోజు శిక్షణ జరిగింది. సైనికులతో వాదించవద్దని, రైతును అడగకుండా ఫోటోలు తీయవద్దని, రైతు ఉండమంటే ఉండి, వెళ్లిపోదామంటే మారుమాట లేకుండా వెళ్లిపోవాలని చెప్పారు.

నాకు బస ఇచ్చినావిడను ఖాల్తీ అని పిలిచేదాన్ని. అంటే పిన్ని. ఆవిడ మరిదిని ఇంట్లో పిల్లలందరూ ‘అమ్మో’ అంటారు. వాళ్ల భాషలో అది బాబాయి. మొదటి రోజు పొద్దున్నే వాకిట్లో ‘అమ్మో, అమ్మో’ అని కేకలు వినపడేసరికి ఏదో ప్రమాదమనుకుని చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. ఆ ఊళ్లో కొళాయి రోజూ రాదు కాబట్టి ప్రతి ఇంటి మీదా నల్లటి నీళ్ల ట్యాంకులు వరుసగా ఉంటాయి. ఎదురు కొండ మీది ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్‌లో, అంటే వెస్ట్ బ్యాంక్ భూమిలో ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీలో మాత్రం ఎర్ర పెంకుల కప్పులే తప్ప ఆ ట్యాంకులు కనపడవు. దూరం నుంచి ఏ ఊరు ఎవరిదో పోల్చుకోవడానికి నాకు దొరికిన గుర్తు అదే.

ఖాల్తీ ఇల్లు ఒక జోన్‌లో ఉంటే, ఆవిడ చెట్లు మరో జోన్‌లో ఉన్నాయి. ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా నాయకత్వానికీ 1995లో కుదిరిన ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి అని మూడుగా విడగొట్టింది. అందులో సుమారు 60 శాతం భూమి, అంటే సి భాగం, పూర్తిగా ఇజ్రాయెల్ అధీనంలోనే ఉంటుంది. సెటిల్‌మెంట్ అంచున ఉన్న ఆవిడ నలభై చెట్లు ఆ భాగంలోవే. అలాంటి పొలంలోకి వెళ్లాలంటే అప్పట్లో ‘తన్సీక్’ కావలసి వచ్చేది. పాలస్తీనా కార్యాలయం ద్వారా ఇజ్రాయెలీ సైన్యానికి విన్నవించుకుంటే వాళ్లు కోతకు కొన్ని రోజులు, వసంతంలో దున్నడానికి మరికొన్ని రోజులు కేటాయించి, ఆ రోజుల్లో కాపలాగా సైనికులను పంపేవారు. సెటిలర్ల దాడుల నుంచి కాపాడతామంటూ రైతునే పొలానికి దూరం చేయడం సరికాదని, రైతు తన చెట్ల దగ్గరికి చేరేలా సైన్యమే చూడాలని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. తీర్పు మంచిదే. కానీ తన పొలానికి తాను వెళ్లడానికి ఖాల్తీ అప్పటికీ ఫోను పక్కనే కూర్చుని ఎదురుచూడవలసి వచ్చింది.

ఆరు రోజులు ఎదురుచూశాము. ఈలోగా ఊరిని ఆనుకున్న చెట్లు కోశాము. ఏడో రోజు సాయంత్రం కబురు వచ్చింది: గురు, శుక్రవారాలు, రెండే రోజులు.

గురువారం ఆరింటికల్లా ఎనిమిది మందిమి, ఒక గాడిద, చుట్టలు చుట్టిన టార్పాలిన్ పట్టాలు, నిచ్చెనలతో మట్టిబాట చివర నిలబడ్డాము. సైనికుల జీపు తొమ్మిది దాటాక వచ్చింది. మూడు గంటల కోత అలా పోయింది. చెట్టు కింద పట్టా పరిచి, ప్లాస్టిక్ దువ్వెన లాంటి పనిముట్టుతో కొమ్మను తల దువ్వినట్టు దువ్వితే కాయలు టపటపా రాలతాయి. మా చిత్తూరు వైపు చింతకాయలు రాల్చినట్టే నేను కర్రతో కొట్టబోతే ఖాల్తీ నా చెయ్యి పట్టుకుని ఆపి, లేత రెమ్మ విరిగితే మరుసటి ఏడాది ఆ కొమ్మ కాయదని సైగలతో చెప్పింది. చీకటి పడేలోగా పంతొమ్మిది చెట్లు పూర్తయ్యాయి.

శుక్రవారం రెండో చెట్టు మీద ఉండగా పై గట్టున నలుగురు సెటిలర్లు కనపడ్డారు. వాళ్లు కిందికి రాలేదు, రాళ్లు వేయలేదు, నిలబడి చూశారంతే. పది నిమిషాల్లో అధికారి ఒకరు వచ్చి ఇది మూసివేసిన సైనిక ప్రాంతమని, అందరూ వెళ్లిపోవాలని అన్నాడు. ఆ ఉత్తర్వును మ్యాపుతో సహా చూపించమని అడగవచ్చని మాకు శిక్షణలో చెప్పారు. అడిగాము, చూపించాడు. మ్యాపులో గీసిన గీతకు లోపలే మేము ఉన్నాము. గట్టు మీది వాళ్లు కూడా లోపలే ఉన్నారని నేను నోరు తెరవబోయాను. అమ్మో నా వైపు చూసి తల అడ్డంగా ఊపి, పట్టా మడవడం మొదలుపెట్టాడు. వాదిస్తే వచ్చే ఏడాది తన్సీక్ సంగతేమిటన్నది ఆయన లెక్క. నేను రెండో కొస పట్టుకున్నాను.

ఆ రాత్రి మిల్లు దగ్గర వరుసలో పదకొండింటికి మా వంతు వచ్చింది. మిల్లువాళ్ల వాటా పోగా పదహారు కిలోల డబ్బాలు మూడు నిండాయి. ఖాల్తీ మొదట ధార కట్టిన పచ్చటి నూనెలో రొట్టెముక్క ముంచి నాకు పెట్టింది, గొంతులో మిరియంలా మండింది. తర్వాత కోయని ఇరవై చెట్లకు మరో రోజు అడగమని అమ్మోకు చెప్పి, కార్యాలయం ఆదివారం తెరుస్తారు కదా అని రెండుసార్లు అడిగింది.