వేపచెట్టు మొదలు వరకే

డిసెంబర్ 21, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అన్నం తినంగనే సజ్జ మీది అట్టడబ్బా దించిన. పోయినేడు క్రిస్మస్ పండుగ అయినంక ఓపిక లేక ఉండజుట్టి కుక్కిన సీరియల్ లైట్ల సెట్లు. ఆ చిక్కు విప్పుడుకే గంట పట్టింది. తీసేటప్పుడే అట్టముక్కకు చుట్టి పెట్టాలని ఏటా అనుకుంట, ఏటా మరుస్త. ఏడింట్ల మూడు అసలు వెలగలేదు, ఒకటి సగం దాక వెలిగి ఆగింది.

ఆ సగం దాన్ని చూపించి మా చిన్నోనికి పాఠం మొదలుపెట్టిన. సైన్సు టీచర్‌కు ఆదివారం గూడ నోరు ఊకోదు. మా చిన్నప్పటి సెట్లల బుగ్గలన్నీ ఒకటే వరుసల ఉండేవి. ఒక్కో బుగ్గకు 6 వోల్టులు, ఇంటి కరెంటు 230 వోల్టులు, దాన్ని 6తోని భాగిస్తే 38. అందుకే ఆ దండల బుగ్గలు నలభైకి అటూ ఇటూ ఉండేవి. ఒక్కటి మాడిందంటే దండంత చీకటే. మా నాయన ఒక మంచి బుగ్గ చేతుల పట్టుకొని, మొదటి నుంచి ఒక్కొక్కటి పీకి దాని జాగల ఇది పెట్టి చూసేటోడు. మాడినది దొరికేసరికి సల్లటి చాయ్ ఇంకో మాటు వేడి చెయ్యాల్సి వచ్చేది. ఇప్పటి ఎల్‌ఈడీ దండలను రెండు మూడు భాగాలు చేసి కలుపుతరు, అందుకే ఒక భాగం పోయినా కడమది వెలుగుతది. ఇదంత చెప్తుంటే వాడు, "మమ్మీ, నూటెనభై రూపాయల దానికి ఇంత ఫిజిక్సా? కొత్తది కొందాం పా" అన్నడు.

సరే అని ఇద్దరం ప్రకాశం బజార్‌కు పోయినం. షాపుల ఉరికే రంగులు, ఆరిపోయి వెలిగేవి, పైనుంచి కిందికి మంచు కురిసినట్టు జారే గొట్టాలు, ముక్కు ఎర్రగ మెరిసే జింక. నల్లగొండల మంచంటే గడ్డి మీద, బండి సీటు మీద తెల్లారి కనపడే తడే కదా, గొట్టంల జారే మంచు ఎవరి కోసమో! నేను అడిగింది ఒక్కటే: ఆకుపచ్చ తీగ, వార్మ్ వైట్, ఊరికె వెలగాలె, ఉరకొద్దు. షాపాయన నా మొహం చూసి, "పండుగకు రంగులు తీస్కోండి మేడం, ఇవి హోటల్లోళ్లు తీస్కపోతరు" అన్నడు. డబ్బా మీద 3000 అని రాసి ఉన్నదే తియ్యమన్న. అది ధర కాదు, వెలుగు రంగు చెప్పే కెల్విన్ అంకె. 6500 రాసింది పక్కకు పెట్టి వెలిగిస్తే తేడా తెలుస్తది. అది ట్యూబులైటు లెక్క, నీలం కొడ్తది. మా పసుపుపచ్చ గోడ మీద పడితే దవాఖాన వరండానే. 3000ది నూనె దీపానికి దగ్గర. తీగ గూడ చూసి తీస్కోవాలె. తెల్ల తీగ, గాజు లెక్క కనపడే తీగ పగటిపూట చెట్టుకు పురికొస కట్టినట్టే ఉంటయి. ఆకుపచ్చది ఆకులల్ల కలిసిపోతది. బయట పెట్టేది కాబట్టి ఐపీ65 ఉన్నదే తెచ్చినం. అంటే లోపటికి దుమ్ము పోదు, నీళ్లు చిమ్మినా తట్టుకుంటది.

ఇంత పట్టింపు ఎందుకంటే పోయినేటి సంగతి చెప్పాలె. గేటు, ప్రహరి, డాబా పిట్టగోడ, వేపచెట్టు కొస దాక, ఏదీ ఇడువలేదు. ఎరుపు, నీలం, పచ్చ అన్నీ కలిపి, అన్నీ ఉరికేవే. దారినపోయే ఒకాయన బండి ఆపి, "పెండ్లి ఎవరిదమ్మా, భోజనాలు లోపటనా?" అని అడిగిండు. అది చాలదని 24 రాత్రి, క్యారల్స్ పిల్లలు వాకిట్ల డోలు కొడుతుండంగ, మంచు తడికి ఒక జాయింటుల నీళ్లు చేరి, కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు ఆర్‌సీసీబీ టప్పున పడ్డది. ఇల్లంత చీకటి. పిల్లలు ఆపలేదు, చీకట్లనే పాడిన్రు. నిజం చెప్పాలంటే నిరుడు పండుగంతట్ల మంచిగ అనిపించింది ఆ ఐదు నిమిషాలే. అత్తమ్మ గూడ ఆ మాటే అన్నది, కాకపోతే ఆమె పండుగ ముందటి నుంచీ అంటనే ఉండె.

బజార్ నుంచి వస్తుంటే చిన్నోడు ఫోన్ల చూసి నా మీదికే తెచ్చిండు. 1882 డిసెంబర్‌ల, న్యూయార్క్‌ల, ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ అనేటాయన తన ఇంట్ల చెట్టుకు 80 కరెంటు బుగ్గలు చుట్టిండట. ఎరుపు, తెలుపు, నీలం. చెట్టు తిరిగేదట, బుగ్గలు ఆరుకుంట వెలుగుకుంట ఉండేవట. "చూసినవా మమ్మీ, మొట్టమొదటిదే ఉరికే లైటు. నీ వార్మ్ వైటే కొత్త ఫ్యాషను." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన వాకిట్ల వేపచెట్టు లేదు కదా అన్న, అంతే.

అసలు పంచాయితీ ఆ వేపచెట్టు దగ్గరే. మా ఆయన నిచ్చెన తెచ్చి కొమ్మలకు ఎక్కిద్దామని తయారైండు. అత్తమ్మ అరుగు మీద కూసోని, "దిగురా కొడుకా" అన్నది. "పొద్దుగూకంగ గోరింకలు ఆడనే పండుకుంటయి. నిరుడు మీ లైట్లకు రాత్రంత ఒర్లినయి. నువ్వు పండుకున్న మంచం కాడ లైటు కొడ్తే నువ్వు ఊకుంటవా?" ఆయన ఏమో అనబోయి దిగిండు. నాకు గూడ అప్పుడే తోచింది, చెట్టు మొదలుకు మాత్రం చుడదామని. నేల నుంచి జానెడు ఎత్తుల మొదలుపెట్టి, చుట్టుకు చుట్టుకు నడుమ నాలుగు వేళ్ల సందు ఇడిసి, మొదటి కొమ్మ చీలిన కాడ ఆపేసినం. ఇంకో దండ సన్నజాజి పందిరి లోపలి దిక్కు, వెలుగు ఆకుల సందులకెళ్లి బయటికి వచ్చేటట్టు. రెండు దండలు మెట్ల అంచుకు. గేటుకు ఏమీ లేదు, ప్రహరికి ఏమీ లేదు. మూడు డబ్బాలు మిగిలినయి. తిరిగి ఇచ్చేయాలె.

పక్కింటి వదిన ధనుర్మాసం మొదలైన కాణ్నుంచి రోజూ ముగ్గేస్తది. ఆమె వాకిలి మా వాకిలంతనే. కానీ ఎన్నడూ వాకిలి నిండ ఏసింది లేదు. సాన్పి చల్లిన నల్లటి జాగ చుట్టూ ఇడిసిపెట్టి, నడుమ చుక్కలు పెట్టుకొని మొదలుపెడ్తది. మిగిలిన ఆ మూడు డబ్బాలు చూస్తుంటే ఆమె ముగ్గే యాదికొచ్చింది.

జాయింట్ల పని ఈసారి నేనే చేసిన. ఇన్సులేషన్ టేపు చుట్టి, అర లీటరు నీళ్ల సీసా అడుగు కోసి పైనుంచి గొడుగు లెక్క తొడిగి, జాయింటుకు ముందర తీగను కిందికి జార్చి మళ్ల పైకి తెచ్చిన. నీళ్లు ఆ వంపుల నుంచి కింద పడిపోతయి, జాయింటు దాక పోవు. ప్లగ్గులన్నీ వరండా లోపట్నే.

తర్వాత నక్షత్రం. మామ ఉన్నన్ని రోజులు కొన్న స్టార్ ఇంటికి రానియ్యలేదు. వెదురు బద్దలతోని ఐదు కోణాల చట్రాలు రెండు కట్టి, లోపలి మూలలకు చిన్న పుల్లలు అడ్డం పెట్టి ఉబ్బిచ్చి, గాజు కాయితం అతికించేటోడు. ఆయన పోయినంక ప్లాస్టిక్ స్టార్ వచ్చింది. ఈసారి అట్టడబ్బా దించేటప్పుడు సజ్జ మీద పాత చట్రం కనపడ్డది. ఒక బద్ద ఇరిగింది, కడమయి గట్టిగనే ఉన్నయి. సంక్రాంతి పతంగుల కాయితం బజార్ల అప్పుడే దిగింది, చిన్నోన్ని పంపి తెల్లది తెప్పిచ్చిన. అత్తమ్మ మైదాపిండి లై ఉడకబెట్టింది. ఆమె అతికిస్తుంటే మేము పట్టుకున్నం, అంతే మా పని. ఒక కోణం కాడ కాయితం ముడత పడితే నేను సాపు చెయ్యబోయిన. "ఉండనీ, మీ మామది గూడ ఆడనే ముడత పడేది" అన్నది.

మామ అండ్ల 40 వాట్ల బుగ్గ పెట్టేటోడు. కాయితం వేడెక్కి కమిలేది గూడ. ఇప్పుడు 5 వాట్ల ఎల్‌ఈడీ పెట్టినం. దండలు నాలుగు, ఒక్కోటి 6 వాట్లు. అన్నీ కలిపినా 29. అంటే మామ ఒక్క నక్షత్రమే ఇవాళ మా వాకిలి మొత్తం కన్నా ఎక్కువ కరెంటు తిన్నదన్నట్టు. ఈ లెక్క చెప్తే అత్తమ్మ, "తిననియ్, ఊరంత కనపడేది" అన్నది.

ఆరింటికి వేసినం. మొదటి నిమిషం నాకు భయమైంది, మరీ తక్కువయిందా అని. చీకటి ముదిరినకొద్దీ వేప మొదలు గరుకంత కనపడవట్టింది. ఆ బెరడు పగటిపూట ఎన్నడూ అట్ల చూడలేదు. పైన కొమ్మలు నల్లగనే ఉన్నయి. గోరింకలు కాసేపు కయ్యిమని సప్పుడు చేసి ఊకున్నయి. డాబా మీద వెదురు కట్టెకు నక్షత్రం. చిన్నోడు కొద్దిసేపు చూసి, "బాగుంది గానీ, ఒక్క రంగు దండ ఏసినా పోయేది కాదు" అన్నడు. నా తోని ఒప్పుకోని ఒక మనిషి ఇంట్ల ఉండాల్నాయె.

తొమ్మిదింటికి పక్కింటి వదిన గోడ మీదికెళ్లి పిలిచింది. లైట్లు కండ్లల్ల కొడ్తున్నయని అంటదేమో అనుకున్న. నిరుడు ఆమె మామగారి కిటికీల మా రంగులు ఉరికినయి, పాపం పెద్దాయన దుప్పటి అడ్డం కట్టుకున్నడు. ఆమె అడిగింది అది కాదు. "వదినా, మా గేటు కాడ స్తంభం లైటు పోయి నాలుగు రోజులాయె. చెప్పినం, ఇంక రాలే. ఫోన్ లైటు నోట్ల పెట్టుకొని ముగ్గెయ్యవడ్తిని. మీ చెట్టు లైటు పొద్దుగాల నాలుగున్నరకు ఒక గంటసేపు ఏస్తవా?"

వరండాల టైమర్ మొన్ననే కొన్నది. గడియారం లెక్క గుండ్రంగ తిరుగుతది, చుట్టూ 96 చిన్న పుల్లలు. పుల్లకు పావుగంట. కరెంటు పోతే అది గూడ ఆగి ఆలస్యమైతది, రోజూ చూసుకోవాలె. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాక ఇరవై పుల్లలు ముందే నొక్కి ఉన్నయి. ఇప్పుడే పోయి నాలుగున్నర కాడ ఇంకో నాలుగు నొక్కి వచ్చిన.