గోదమ్మ రెండో పాశురం, మన సంక్రాంతి రోజులు

ధనుర్మాసం వచ్చిందంటే, అంటే డిసెంబర్ 16 అటూఇటూ మొదలుకొని భోగి దాకా, తిరుమలలో సుప్రభాతం బదులు గోదమ్మ, అంటే ఆండాళ్ తల్లి, పాడిన తిరుప్పావై వినిపిస్తుంది, మన ఊళ్లలో కూడా గుడి మైకులో తెల్లారకముందే ఆ పాశురాలు, అంటే పాటలు, మొదలైపోతాయి, వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, గుళ్లో చేతులు కాలే కట్టెపొంగలి. 30 పాశురాలూ అర్థం తెలిసి చదివేవాళ్లు తక్కువే ఉండొచ్చు గానీ రోజుకొకటి చెవిన పడుతుంటేనే మనసుకి ఎంతో హాయి. నాకు మాత్రం రెండో రోజు పాశురం అంటే ప్రాణం. వ్రతం నియమాలన్నీ గోదమ్మ అందులోనే చెప్పేసింది.

ఏం చెప్పిందో చూడండి. పాలకడలిలో పవళించిన స్వామి పాదాలు పాడతాం, నెయ్యి తినం, పాలు తాగం, తెల్లవారుజామునే స్నానం చేస్తాం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం, చెయ్యకూడని పనులు చెయ్యం. ఇక్కడిదాకా మనకి తెలిసిన వ్రతాల్లాగే ఉంది కదా. ఆ వెంటనే, అదే ఊపులో "తీక్కుఱళై శెన్ఱోదోం" అంటుంది, ఒకరి మీద చాడీలు మోసుకెళ్లి ఇంకొకరికి చెప్పం అని. ఆ తర్వాత "ఐయముం పిచ్చైయుం ఆందనైయుం కైకాట్టి", పెద్దలకి ఇవ్వాల్సింది ఇస్తాం, అడిగొచ్చిన వాళ్లకి పెడతాం, అదీ మా చేతనైనంతా పెడతాం అని. చన్నీళ్ల స్నానం ఎంత నియమమో నోరు అదుపులో పెట్టుకోవడం అంతే నియమం, గుమ్మంలోకి వచ్చిన మనిషికి పెట్టడం కూడా అంతే. అన్నీ ఒకే వరసలో కూర్చోబెట్టింది ఆ తల్లి. మనమేమో స్నానం, ముగ్గు, పొంగలి గట్టిగా పట్టుకుని మిగతావి మెల్లగా జారవిడిచేశాం, నా బాధంతా అదే.

చాడీల సంగతే తీసుకోండి. సంక్రాంతికి చుట్టాలందరూ ఒకచోట చేరతారు, అరుగు మీద కబుర్లు మొదలవుతాయి, అవి ఎటు పోతాయో మీకు చెప్పక్కర్లేదు. ఫలానా వాళ్లబ్బాయికి ఉద్యోగం పోయిందట, ఆ అమ్మాయికి 30 దాటినా సంబంధం కుదర్లేదట, వాళ్లకి పెళ్లయి ఇన్నేళ్లయినా పిల్లల్లేరట. మాట్లాడేవాళ్లకి అది కాలక్షేపమే, కానీ ఆ మాటలకి భయపడి పండక్కి ఊరు రావడమే మానేసిన పిల్లలు నాకు తెలుసు, సెలవు దొరకలేదని ఫోన్లో అబద్ధం చెప్పి హైదరాబాద్ రూములో ఒక్కళ్లే కూర్చుంటారు. ఇంటికొచ్చిన ఆడపిల్లని "ఇంకా ఏం విశేషం లేదా" అని అడక్కుండా, "రామ్మా, కాళ్లు కడుక్కో, అరిసెలు ఇప్పుడే దించాం" అంటే చాలు, పైసా ఖర్చు లేని దయ అది. నెయ్యి మానేయడం కంటే ఈ నియమమే కష్టం అనుకుంటా, అందుకే గోదమ్మ ఒక్కతే చేస్తానని అనకుండా అందరి తరఫునా "మేం చెప్పం" అని నోటితో అనిపించింది.

ఇక పెట్టడం గురించి. ఈ నెలంతా హరిదాసులు వస్తారు కదా, తల మీద అక్షయపాత్ర, భుజాన తంబురా, చేతిలో చిడతలు, కాళ్లకి గజ్జెలు. పాట తప్ప ఎవరితోనూ మాట కలపరు, ఊరు తిరిగి ఇల్లు చేరేదాకా పాత్ర దించరు. మా వీధికి వచ్చే హరిదాసు గారు ఓసారి మా గుమ్మంలో ఆగారు, మా అన్నయ్య కూతురు చిన్నపిల్ల, గిన్నె నిండా బియ్యం పట్టుకుని నేనే పోస్తానని పరిగెత్తింది. దాన్ని ఎత్తుకుందామని వదిన కిందకి దిగేలోపే ఆయన ముగ్గు తొక్కకుండా పక్కకి జరిగి, తంబురా భుజానికి ఆనించుకుని, తల కాస్త కూడా వంగకుండా నిటారుగా పెట్టి, మెల్లగా మోకాలి మీద కూర్చున్నారు. సగం బియ్యం పాత్రలో పడ్డాయి, సగం ఆయన భుజం మీద. ఆయన కళ్లతోనే నవ్వి "కృష్ణార్పణం" అని, గజ్జెలు ఘల్లుమంటుంటే లేచి పక్కింటికి వెళ్లిపోయారు. ఆ వయసులో ఆ బరువుతో కూర్చుని లేవడం అంటే మోకాళ్లు ఎంత నొప్పి పెట్టాయో. దయ చూపించింది మేమా ఆయనా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

గీతలో పదిహేడో అధ్యాయంలో స్వామి దానాలు మూడు రకాలు చెప్తాడు, అందులో చివరిది "అసత్కృతమవజ్ఞాతం", గౌరవం లేకుండా, చిన్నచూపుతో ఇచ్చేది, అది తామసం అని తేల్చేశాడు. ఇచ్చింది ఎంత అని అడగలేదు, ఎలా ఇచ్చావు అని అడిగాడు. గంగిరెద్దుల ఆయన వస్తే తలుపు సందులోంచి పది రూపాయలు విసరడం, "ఇంక చాల్లే వెళ్లు" అనడం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇప్పుడు కొన్ని చోట్ల గంగిరెద్దు నుదుటి మీద క్యూఆర్ కోడ్ కూడా కనిపిస్తోంది, వీడియోలు తీసి నవ్వుతున్నారు, నవ్వడానికి ఏముందండీ అందులో, చేతిలో నోట్లు లేని కాలంలో ఆ మనిషి కూడా బతకాలిగా. అపార్ట్‌మెంట్లలో అయితే వాళ్లని గేటు దాటనివ్వట్లేదు. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి ఈ నాలుగు రోజులు పొద్దున ఓ అరగంట లోపలికి రానివ్వమని అడగండి, పిల్లలు సన్నాయి కూడా వింటారు.

అడిగి వచ్చేవాళ్లు సరే, అడగని వాళ్ల సంగతేంటి? మనం పండక్కి ఊరెళ్తాం, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ గేట్ దగ్గర కార్ల బారు చూసి విసుక్కుంటాం, కానీ ఆ బూత్‌లో కూర్చున్నవాళ్లకి భోగి లేదు. స్పెషల్ బస్సులు నడిపే ఆర్టీసీ డ్రైవర్‌కి, కండక్టర్‌కి లేదు. భోగి మంటల బూడిద, చెరుకు పిప్పి, చిరిగిన గాలిపటాలు తెల్లారి ఊడ్చే మున్సిపాలిటీ అమ్మకి కూడా లేదు. తిరుగు ప్రయాణంలో అమ్మ డబ్బా నిండా సర్ది ఇస్తుంది కదా అరిసెలు, సున్నుండలు, జంతికలు, అందులోంచి ఓ పొట్లం విడిగా కట్టుకుని బస్సు దిగేటప్పుడు డ్రైవర్ గారి చేతిలో పెట్టి చూడండి. వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చేది కూడా పండగ అయిపోయాక మెత్తబడినవి కాకుండా పండగ పొద్దున దేవుడికి నైవేద్యం పెట్టిన వెంటనే ఇవ్వండి. కనుమ నాడు పశువులకి పసుపు కుంకాలు పెట్టి, పిచ్చుకల కోసం వరి కంకులు కుచ్చులు కట్టి చూరుకి వేలాడదీసే జాతి మనది, పిట్ట ఆకలి గుర్తున్నవాళ్లకి మెట్ల కింద గదిలో ఉన్న మనిషి గుర్తుండడా.

ఇంకొకటి చెప్పాలి, ఇది కొంతమందికి నచ్చకపోవచ్చు. భోగి సాయంత్రం పిల్లలకి భోగిపళ్లు పోస్తాం, రేగిపళ్లు, చెరుకు ముక్కలు, చిల్లర, పూలరేకులు కలిపి. పేరంటానికి ముత్తైదువల్ని పిలుస్తాం. అదే ఇంట్లో పొద్దున్నుంచి పాకం పట్టి, పిండి కలిపి, అరిసెలు వత్తిన పెద్దమ్మ, భర్త పోయాడన్న ఒక్క కారణంతో వంటింటి గడప దాటి రాదు. ఓ ఏడాది మా అమ్మ అందరూ చూస్తుండగా లోపలికి వెళ్లి పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, "అక్కా, ముందు నువ్వే పొయ్యి, నీ దీవెన కంటే పెద్దదేముంది వీడికి" అంది. పెద్దమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ అటూఇటూ చూసింది, ఎవరైనా ఏమైనా అంటారేమో అని, ఎవరూ ఏమీ అనలేదు. గుప్పెడు పళ్లు తీసి మూడుసార్లు దిగదుడిచి పోసింది, ఒక రేగిపండు పిల్లాడి ఒళ్లో పడితే వాడు అది నోట్లో పెట్టుకోబోయాడు, అందరూ ఒక్కసారిగా నవ్వారు. పిల్లవాడి దిష్టి తియ్యడానికి వాడి మీద పిచ్చి ప్రేమ ఉన్న చెయ్యి కావాలి, అంతకుమించి అర్హత ఏం కావాలో నాకైతే తెలీదు.

రెండో పాశురంలో నెయ్యి తినం, పాలు తాగం అన్న గోదమ్మే ఇరవై ఏడో పాశురంలో, అదే కూడారై రోజున, పాలన్నం మునిగిపోయేలా నెయ్యి పోసుకుని అది మోచేతి దాకా కారుతుంటే తిందాం అంటుంది. కానీ ఎలా తినాలో కూడా చెప్పింది, "కూడి ఇరుందు", అందరం కలిసి కూర్చుని. ఆ తల్లే ఇంకోచోట మదురై దగ్గరి అళగర్ స్వామికి నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల చక్కెరపొంగలి సమర్పిస్తానని మొక్కుకుంది, అది అలాగే మిగిలిపోయిందని తలచి కొన్ని వందల ఏళ్ల తర్వాత వైష్ణవ ఆచార్యులు రామానుజుల వారు వెళ్లి ఆ మొక్కు తీర్చి గోదమ్మ ఊరు శ్రీవిల్లిపుత్తూరు వస్తే అమ్మవారు "అన్నా" అని పిలిచిందని పెద్దలు చెప్తారు, అందుకే ఆయన్ని గోదాగ్రజులు, అంటే గోదమ్మకి అన్నగారు, అంటారు. ఎవరో ఆడపిల్ల ఎప్పుడో అనుకున్న మాటని తన మాటగా మోసిన మనిషికి దక్కిన పిలుపు అది.

కూడారై రోజు ఈసారి మీ గుళ్లో కూడా అన్నం గంగాళాలు దిగుతాయి, క్యూ ఉంటుంది, వడ్డించే హడావుడి ఉంటుంది. మీరు గనక వడ్డించేవాళ్లలో ఉంటే రాత్రి రెండింటి నుంచి పొయ్యి ముందు నిలబడ్డ వంటవాళ్లనీ, గుడి బయట చెప్పులు చూసుకునే అవ్వనీ ముందే పిలిచి విస్తట్లో కూర్చోబెట్టండి, నెయ్యి కూడా వాళ్లకి ఓ చెంచా ఎక్కువే వెయ్యండి.