గల్ఫ్‌లో అక్కి లేస్తే

అమలాపురం, రాజోలు వైపు నుంచి కువైట్, మస్కట్ వచ్చి ఇళ్లల్లో, సైట్లలో పనిచేసేవాళ్లలో యాభై దాటినవాళ్లూ ఉన్నారు. ఒకవైపు డొక్కలో సూదులు గుచ్చినట్టు మంట పుడితే, బరువెత్తి పట్టేసిందనుకుని బామ్ రాసుకుంటారు. రెండు మూడు రోజులకి ఆ మంట ఉన్నచోటే, వెన్ను నుంచి బొడ్డు వైపు పట్టీలా నీటిపొక్కులు లేస్తాయి. మామూలుగా రెండోవైపుకి దాటవు. అదే అక్కి.

ఇది కొత్తగా అంటుకున్నది కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, వెన్నుపాము పక్క నరాల ముడుల్లో దాక్కుంటుంది. దాన్ని అణిచి ఉంచేవి ముఖ్యంగా టి కణాలు, అంటే తెల్లరక్తకణాల్లో ఒక రకం. కణంలోకి దూరిన వైరస్ యాంటీబాడీలకి అందదు. కానీ సోకిన కణం వైరస్ ప్రోటీన్ ముక్కల్ని తన పైపొర మీదకి తెస్తుంది. సీడీ8 అనే చంపే రకం టి కణం వాటిని గుర్తుపట్టి, పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో పొరకి చిల్లు పెట్టి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లు పంపి ఆ కణాన్ని చంపేస్తుంది. ఈ గుర్తుపట్టే తీరు కనిపెట్టినందుకే డోహర్టీ, జింకర్‌నాగెల్ అనే శాస్త్రవేత్తలకి 1996లో నోబెల్ వచ్చింది. పుట్టుకతో యాంటీబాడీలు తయారుకాని పిల్లలకి కూడా ఆటలమ్మ సాధారణంగా తగ్గిపోతుంది. టి కణాలు లేని పిల్లలకైతే ప్రాణం మీదకొస్తుంది.

వరదప్పుడు ఏటిగట్టు మీద కాపలా పలచబడితే గండి పడ్డట్టే, టి కణాల కాపలా తగ్గితే ఆ వైరస్ మళ్లీ లేస్తుంది. వయసు, కీమో, హెచ్‌ఐవి ఈ కాపలాని తగ్గిస్తాయి. మోకాళ్ల నొప్పులకని స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగడం కూడా అంతే. దయచేసి మానండి, కానీ ఒక్కసారిగా కాదు, డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ.

పొక్కు కనపడ్డ 72 గంటల్లోపు మందు పడాలి. ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకి ఐదుసార్లు, లేదా వాలసైక్లోవిర్ 1 గ్రాము మూడుసార్లు, 7 రోజులు. కిడ్నీ జబ్బుంటే డాక్టరు డోసు తగ్గిస్తారు. ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మందు కిడ్నీల్లో పలుకుల్లా పేరుకోవచ్చు. ముక్కు కొన మీద పొక్కు లేస్తే కంటికీ పాకొచ్చు, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికెళ్లాలి. “వచ్చేయండి, జాజుతో అక్కి రాయిద్దాం” అని ఇంటి నుంచి ఫోనొస్తుంది. టికెట్ దొరికేలోపే ఆ గడువు దాటిపోతుంది. ఆలస్యమైతే పొక్కులు మానాక కూడా నెలల తరబడి వేధించే నొప్పి మిగలొచ్చు.

పొక్కుల రసి తగిలితే, ఆటలమ్మ రానివాళ్లకి ఆటలమ్మే వస్తుంది. చెక్కు కట్టేదాకా బట్ట కప్పుకుని, తువ్వాలు వేరుగా పెట్టుకోవాలి. గర్భిణి, పసిబిడ్డ ఉన్న ఇళ్లల్లో చేసే ఆడవాళ్లు మేడమ్‌కి ముందే చెప్పాలి.

యాభై దాటినవాళ్లకి షింగ్రిక్స్ టీకా ఉంది. ఇండియాలో 2023 నుంచి దొరుకుతోంది. బతికున్న వైరస్ ఉండదు, ఆ వైరస్ ప్రోటీన్ ఒకటి ఉంటుంది, అది సీడీ4 అనే, మిగతా కాపలా కణాలకి సాయపడే టి కణాల్ని తట్టిలేపుతుంది. ఖరీదు ఎక్కువే. రెండు డోసుల మధ్య 2 నుంచి 6 నెలలు ఉండాలి కాబట్టి, నెల సెలవు మీద ఊరొచ్చేవాళ్లు మొదటిది ఊళ్లో వేయించుకుంటే, రెండోది పనిచేసే దేశంలో ఎక్కడ దొరుకుతుందో బయల్దేరే ముందే కనుక్కుని, టీకా చీటీ పాస్‌పోర్టులో పెట్టుకోవాలి.