నూరు దేనారాల బాకీ

"ఏడు మారులమట్టుకా?" అని పేతురు యేసును అడిగాడు. తప్పు చేసిన సహోదరుణ్ణి ఏడుసార్లు క్షమించడమంటే సామాన్యం కాదు. మనలో చాలామందికి రెండోసారికే ఓపిక అయిపోతుంది. యేసు మాత్రం డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నాడు. ఆ మాట వినగానే ఆదికాండము చదివినవారికి లెమెకు గుర్తుకు రావాలి. తనను గాయపరచినవాణ్ణి చంపానని భార్యల ముందు గొప్పలు పోయి, తమ్ముణ్ణి చంపిన కయీను కోసం ఏడంతల ప్రతిదండన అయితే తన కోసం డెబ్బది యేడంతలు అన్నవాడు అతడే. లెమెకు పగకు పెట్టిన లెక్కను యేసు క్షమకు పెట్టాడు.

ఆ వెంటనే ప్రభువు చెప్పిన ఉపమానం మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ పడ్డాడు. దేనారము ఒక కూలివాని రోజు కూలి. ఒక్క తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. అంటే ఆ అప్పు దాదాపు ఆరు కోట్ల రోజుల కూలి! ఎన్ని తరాలు పనిచేసినా తీరేది కాదు. రాజు కనికరపడి మొత్తం క్షమించాడు. దాసుడు బయటకు వచ్చాడో లేదో, తనకు నూరు దేనారాలు అచ్చియున్న తోటి దాసుడు కనబడ్డాడు. వెంటనే వాని గొంతు పట్టుకున్నాడు.

ఈ నూరు దేనారాలను ప్రసంగాల్లో చాలాసార్లు చిల్లర డబ్బులుగా తీసిపారేస్తుంటారు. నాకు అది సరి అనిపించదు. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైబడిన కూలి. కూలి మీద బతికే ఇంట్లో అంత సొమ్ము పోతే పొయ్యి వెలగదు, పిల్లల ఫీజు ఆగిపోతుంది. మనకు జరిగిన అన్యాయం ఏమీ కాదని యేసు ఎక్కడా చెప్పలేదు. బాకీ నిజమే, నష్టం నిజమే అని ఒప్పుకొని, అంకె కూడా చెప్పి, ఆ తర్వాతే వదిలిపెట్టమన్నాడు. "పోనీలే, ఏమీ జరగలేదు" అని పైకి అనేసి లోపల కుమిలిపోయేవారు ఆ బాకీని ఇంకా లెక్క చూడనే లేదు.

1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో జరిగినది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. బారిపదలో కుష్ఠురోగుల మధ్య ఏళ్ల తరబడి సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్, ఆయన కుమారులు పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి వాహనంలో నిద్రపోతుండగా ఒక గుంపు నిప్పంటించి ముగ్గురినీ సజీవ దహనం చేసింది. హంతకులను క్షమిస్తున్నానని గ్రాహం భార్య గ్లాడిస్ ప్రకటించారు. తర్వాత కూతురితో కలిసి కొన్నేళ్లు బారిపదలోనే ఉండి, ఆ కుష్ఠురోగుల ఆశ్రమం పని కొనసాగించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. తన క్షమాపణ వేరు, నేరానికి చట్టపరంగా వచ్చే ఫలితం వేరు అన్నది ఆమె వైఖరి. కేసు నడిచింది. ముఖ్య నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

ఈ తేడా మన సంఘాలకు చాలా అవసరం. తాగివచ్చి కొట్టే భర్తను భరిస్తున్న సహోదరికి "క్షమించి సర్దుకో అమ్మా" అని చెప్పి పంపేయడం సువార్త కాదు. ఆమె క్షమించవచ్చు, పోలీసులకు ఫిర్యాదు కూడా చేయవచ్చు. క్షమాపణ పేరుతో ఆమెను మళ్లీ అదే దెబ్బల కిందికి తోసే హక్కు ఏ పెద్దకూ లేదు.

మనలో ఎక్కువమందివి అంత పెద్ద గాయాలు కావు. పొలం పంపకంలో గట్టు దగ్గర వచ్చిన తగవు, పెళ్లిలో జరగని మర్యాద, కుటుంబ వాట్సాప్ గ్రూపులో వదినగారు అన్న ఒక మాట. ఇదివరకు మాట గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నాం. ఏడాది గడిచాక తెరిచి చూస్తే తేదీ, సమయంతో సహా కోపం కొత్తగా పుట్టుకొస్తుంది. డెబ్బది ఏళ్ల మారులు అన్నది ఇలాంటి వాటికి కూడా అని నా నమ్మకం. అవతలి మనిషి కొత్త తప్పేమీ చేయకపోయినా, పాత తప్పు గుర్తుకు వచ్చిన ప్రతిసారీ మళ్లీ క్షమించాలి. ఆ స్క్రీన్‌షాట్ తీసేయడం ఈరోజే చేయగల పని.

ప్రభు భోజన సంస్కారపు ఆదివారం ఒకే మందిరంలో ఆ మూల అన్న, ఈ మూల తమ్ముడు కూర్చుని, ఒకే బల్ల దగ్గరకు వేర్వేరు వరుసల్లో రావడం చాలాచోట్ల చూస్తాం. అర్పణ అక్కడే విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమని ప్రభువు కొండమీద చెప్పిన మాటను ఆ ఉదయమైనా పట్టించుకోవాలి కదా!

అయినా నోరు రాని గాయాలు ఉంటాయి. "క్షమించాను" అనడం అబద్ధం అవుతుందేమోనని భయపడేవారికి సిలువ మీద ప్రభువు పలికిన మాట చూపిస్తాను. మేకులు కొట్టినవారి కోసం ఆయన, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అని తండ్రికి మనవి చేశాడు. రాళ్ల దెబ్బల మధ్య తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను కూడా అలాగే ప్రభువునే వేడుకున్నాడు. మీ మనసు ఇంకా ఒప్పుకోకపోతే ఈ రాత్రి ప్రార్థనలో ఆ మనిషి పేరు పెట్టి, "తండ్రీ, నువ్వు క్షమించు" అని అడగండి. రేపు కూడా అలాగే అడగండి.